కిరాయి ఇంట్లో మిర్జా గాలిబ్

సంఘం వారు ఈ యేటి సంచికకు మహనీయుల జీవితాల్లోంచి ఏదైనా వ్రాసి ఇవ్వమని మమ్మల్ని కోరినప్పుడు, ఎవరిని గురించి వ్రాయాలా అని చాలా ఆలోచించాము. సంస్కర్తలున్నారు, ఉలమాలున్నారు, స్వాతంత్ర్య యోధులున్నారు. వారిని గురించి వ్రాయగలవారు మనలో మాకంటే పెద్దలే ఉన్నారు. కాని ఈ మధ్య సెలవులకు ఊరికి వచ్చిన మన పిల్లల్ని పలకరించినప్పుడల్లా ఒకే సంగతి వింటున్నాము. బేటా, హైదరాబాదులో ఎలా ఉన్నావు, బెంగుళూరులో ఎలా ఉన్నావు అని అడిగితే, చదువు సంగతి, ఉద్యోగం సంగతి తర్వాత చెబుతారు, ముందు కిరాయి సంగతి చెబుతారు. వచ్చే జీతంలో ఇంటికింత, అడ్వాన్సుకింత, మిగిలినదానితో తిండి, ఊరికి పంపేది ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు. ఇల్లంతా చూపించి, అంతా బాగానే మాట్లాడి, పేరు అడిగి, పేరు విన్న తర్వాత మాత్రం ఇంకొకరికి మాట ఇచ్చేశామన్న ఇంటివారూ ఉన్నారు. మాకు కూడా ఉద్యోగం తొలి రోజుల్లో ఇది ఒకటి రెండుసార్లు అనుభవమైనదే. ఆ మాట ఇక్కడ పెంచము.

అందుకని కిరాయి ఇంట్లో పుట్టెడు కష్టాలు పడి, కిరాయి ఇంట్లోనే కన్నుమూసిన ఒక పెద్దమనిషిని గురించి వ్రాద్దామనుకున్నాము. ఆయనే మిర్జా అసదుల్లాఖాన్ గాలిబ్. ఉర్దూ రానివారికి కూడా ఈ పేరు తెలుసు. దాశరథిగారి గాలిబ్ గీతాల వల్ల తెలుగువారి ఇళ్ళలోకీ ఆయన వచ్చేశారు. మేము బడిలో పిల్లలకు ఆయన గజళ్ళు చెబుతాము, అర్థాలు వ్రాయిస్తాము, పరీక్షలో అడుగుతాము. కాని ఆయన ఇంటి కిరాయి ఎంత, అది ఎలా కట్టారు, ఎవరు ఖాళీ చేయమన్నారు అన్న సంగతులు ఏ పాఠంలోనూ ఉండవు. అవన్నీ ఆయన స్నేహితులకు వ్రాసుకున్న ఉత్తరాల్లో ఉన్నాయి.

ఆగ్రా నుంచి ఢిల్లీకి

గాలిబ్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో పుట్టారు. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ సిపాయి ఉద్యోగం చేసేవారు. అల్వర్ రాజు కొలువులో ఉండగా 1802లో యుద్ధంలో మరణించారు. పిల్లవాడికి అప్పటికి అయిదేళ్ళు. పినతండ్రి నస్రుల్లా బేగ్ ఖాన్ చేరదీశారు. ఆయన కూడా 1806లో పోయారు. అయినా ఆగ్రాలో తల్లిగారి తరఫువారు కలిగినవారు. పెద్ద పెద్ద హవేలీలు, చాకిరీకి మనుషులు, మేడమీద పతంగులాటలు. ఇల్లు అంటే వెతుక్కోవలసిన వస్తువు అని ఆ పిల్లవాడికి తెలియదు.

1810లో, పదమూడో యేట, ఢిల్లీలోని నవాబు ఇలాహీ బఖ్ష్ ఖాన్ మారూఫ్ గారి కుమార్తె ఉమ్రావ్ బేగంతో నికాహ్ అయింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళకే గాలిబ్ ఆగ్రా వదిలి ఢిల్లీలో స్థిరపడ్డారు. స్థిరపడ్డారు అని వ్రాయడం సులువే. స్థిరంగా ఒక ఇల్లు మాత్రం ఆయనకు యాభై ఏళ్ళు దాటినా ఏర్పడలేదు. ఢిల్లీలో ఆయన సొంత ఇల్లు కొనలేదు. ఒక కిరాయి ఇల్లు విసుగు పుడితే ఇంకొకటి, అంతే. అవి కూడా చాలావరకు బల్లీమారాన్, గలీ ఖాసింజాన్ చుట్టుపక్కలే. పుస్తకాలు సైతం కొనేవారు కాదట. తెప్పించుకుని చదివి తిరిగి పంపేవారు.

ఆదాయం సంగతి చెప్పాలి. పినతండ్రి ఇంగ్లీషువారి తరఫున లార్డ్ లేక్ సేనలో నాలుగు వందల గుర్రపు దళానికి అధికారి. ఆయన పోయిన తర్వాత ఆ కుటుంబానికి యేటా 10,000 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటయింది. కొద్ది రోజుల్లోనే ఫిరోజ్‌పూర్ ఝిర్కా నవాబు అహ్మద్ బఖ్ష్ ఖాన్ దాన్ని 5,000 చేయించారు. అందులో 2,000 ఖ్వాజా హాజీ అనే మనిషికి పోయింది. చివరికి మన మిర్జాగారి వాటాకు వచ్చింది యేడాదికి 750 రూపాయలు. అంటే నెలకు 62 రూపాయల 8 అణాలు. దీనితో ఢిల్లీలో నవాబుల బంధువుగా, షరీఫుగా బ్రతకాలి. పల్లకీ లేకుండా బయటికి పోకూడదు. ద్వారం దగ్గర దరోగా ఉండాలి, ఇంట్లో నౌకర్లుండాలి. ఇల్లు రెండు భాగాలుగా ఉండాలి, ఒకటి జనానా, ఒకటి మర్దానా.

కలకత్తాలో పరదేశి

తనకు రావలసినది ఇంకా చాలా ఉన్నదని, నవాబు అన్యాయం చేశాడని గాలిబ్ నమ్మకం. కంపెనీ సర్కారు రాజధాని అప్పుడు కలకత్తా. అక్కడ గవర్నర్ జనరల్ కౌన్సిల్లో దావా వేద్దామని బయలుదేరారు. లక్నో, కాన్పూరు, బాందా, అలహాబాదు, బనారసు, ఈ దారిన పోతూ, మధ్యలో జబ్బుపడుతూ, అప్పులు చేస్తూ 1828 ఫిబ్రవరిలో కలకత్తా చేరారు. లక్నోలో వజీరును కలిసే అవకాశం వచ్చింది. కాని వజీరు లేచి నిలబడి ఎదురురావాలని, తాను నజరానా ఇవ్వనని రెండు షరతులు పెట్టారు. అవి కుదరలేదు, మిర్జాగారు పోలేదు. చేతిలో పైసా లేనివాడు పెట్టే షరతులేనా ఇవి అని ఇప్పుడు మనం నవ్వవచ్చు. ఆయన మట్టుకు నవ్వలేదు.

కలకత్తాలో సిమ్లా బజారులో కిరాయికి ఇల్లు తీసుకున్నారు. మహానగరం, కొత్త భాషలు, కొత్త వేషాలు. ఆ నగరం ఆయనకు ఎంతో నచ్చింది. పచ్చదనం, మామిడిపండ్లు, తెల్లవారి ఏర్పాట్లు, అన్నీ మెచ్చుకున్నారు. కాని నగరం ఆయనను అంత త్వరగా మెచ్చుకోలేదు. అక్కడి మదరసాలో జరిగే ముషాయిరాల్లో ఆయన పారసీ కవిత్వంలో తప్పులున్నాయని కొందరు లేచి అభ్యంతరం చెప్పారు. ఖతీల్ అనే పండితుణ్ణి ప్రమాణంగా చూపించారు. హిందూస్థానీవాడైన ఖతీల్ పారసీకి ప్రమాణమెలా అవుతాడని గాలిబ్ తోసిపుచ్చారు. ఇక గొడవ పెరిగింది. పై ఊరినుంచి వచ్చినవాడు, పనిమీద వచ్చినవాడు, పదిమంది సాయం కావలసినవాడు. చివరికి బాదె ముఖాలిఫ్ అనే మస్నవీ వ్రాసి, తాను పరదేశినని, అతిథిని కష్టపెట్టడం కలకత్తావారికి తగదని సర్దిచెప్పుకోవలసి వచ్చింది. తల ఎగరేసినంత సేపు ఎగరేసి, తర్వాత సంధి చేసుకోవడం, కొత్త ఊరికి పోయిన ప్రతివాడికీ ఇది తప్పదు కాబోలు.

దాదాపు యేడాదిన్నర అక్కడ గడిపి 1829 నవంబరులో ఢిల్లీకి తిరిగి వచ్చారు. దావా ఓడిపోయింది. పై పై అధికారులకు, ఇంగ్లండు దాకా అర్జీలు పోయాయి. పదిహేనేళ్ళు దాని వెంట తిరిగినా ఆ 62 రూపాయల 8 అణాలు ఒక్క అణా పెరగలేదు. పెరిగినవి అప్పులే. దావా గెలుస్తామన్న నమ్మకంతో చేసిన అప్పులు దావా ఓడినా తీరాలి గదా. ఒక దశలో సాహుకార్లు కోర్టులో డిక్రీ తెచ్చారు. పగలు బయటికి వస్తే పట్టుకుంటారని మిర్జాగారు ఇంట్లోనే కూర్చుని, చీకటి పడ్డాక బయటికి పోయేవారు. కలకత్తావల్ల లాభం లేకపోలేదు. కొత్త లోకం ఒకటి ఆయన కంటబడింది. చాలా ఏళ్ళ తర్వాత సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు ఆయినె అక్బరీని పరిష్కరించి ముందుమాట అడిగితే, పాతదాన్ని ఎందుకు తవ్వుతారు, ఆవిరి ఓడలు నడిపేవారిని చూడండి అనే భావంతో పద్యాలు వ్రాసి ఇచ్చారు.

హోదా కిరాయి

1842లో ఢిల్లీ కాలేజీలో పారసీ పంతులు ఉద్యోగం వచ్చింది. నెలకు 100 రూపాయలు. పింఛనుకంటే ఎక్కువ. గాలిబ్ పల్లకీలో పోయారు. మామూలుగా తనను దర్బారులో ఎదురు వచ్చి తీసుకుపోయే థామ్సన్ దొర ఆ రోజు బయటికి రాలేదు. నౌకరీకి వచ్చినవారికి ఆ మర్యాద జరగదని చెప్పించాడు. ఉద్యోగం వల్ల గౌరవం పెరుగుతుందనుకుంటే ఉన్న గౌరవం పోతున్నదని మిర్జాగారు పల్లకీ వెనక్కు తిప్పించి ఇంటికి వచ్చేశారు. ఉర్దూ పుస్తకాల్లో ఈ కథను ఆత్మగౌరవానికి ఉదాహరణగా చెబుతారు. మేమూ పిల్లలకు అలాగే చెప్పాము. కాని ఆ సాయంత్రం ఉమ్రావ్ బేగం సాహెబా ఏమనుకుని ఉంటారో అని మాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఇంట్లో అప్పులు, బయట సాహుకార్లు. వంద రూపాయలు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయాయి.

ఆయన లోపాలను దాచము. త్రాగుడు ఉన్నది. జూదం ఉన్నది. ఇవి మన ధర్మంలో నిషిద్ధాలు, మేము సమర్థించము. ఇంట్లో జూదం ఆడించారని 1847లో జైలు శిక్ష పడింది. మూడు నెలలు లోపల ఉన్నారు. నిన్నటిదాకా వెంట తిరిగిన బంధువులు, రయీసులు ముఖం చాటేశారు. నవాబు ముస్తఫా ఖాన్ షేఫ్తా మాత్రం జైలుకు వచ్చి చూసేవారు, కావలసినవి చూసుకునేవారు.

విడుదలైన తర్వాత ఉండడానికి చోటు కావాలి. బాద్షాగారి పీరు అయిన నసీరుద్దీన్ సాహెబ్, అందరూ కాలే సాహెబ్ అనేవారు, ఆయన తన ఇంట్లో ఉండమన్నారు. కిరాయి పుచ్చుకోలేదు. జైలు వదిలినందుకు ఎవరో ముబారక్ చెబితే, గోరావాడి ఖైదునుంచి కాలే ఖైదులోకి వచ్చామని మిర్జాగారు చమత్కరించారట. చమత్కారం సరే. ఆ రోజుల్లో జైలుకు పోయి వచ్చిన షరీఫుకు ఇంట్లో చోటివ్వడం ఎంత ధైర్యమో ఆలోచించండి. ఆ ఇంటినుంచే ఆయన బ్రతుకు మళ్ళీ లేచింది. కాలే సాహెబ్ మాటసాయంతో 1850లో బాద్షా బహదూర్ షా జఫర్ ఆయనకు తైమూరు వంశ చరిత్ర వ్రాసే పని, బిరుదులు, నెలకు 50 రూపాయలు ఇచ్చారు.

ఇంచుమించు అప్పటినుంచే బల్లీమారాన్‌లో ఒక హకీము గారి హవేలీలో కిరాయికి ఉన్నారు. నెలకు నాలుగు రూపాయలు. లెక్క వేసి చూడండి. 62 రూపాయల 8 అణాల్లో నాలుగు రూపాయలంటే రూపాయికి ఇంచుమించు ఒక అణా. ఈ లెక్క మొదట వేసినప్పుడు మేము ఆశ్చర్యపోయాము. ఇప్పుడు మన పిల్లలు జీతంలో మూడో వంతు, సగం ఇంటికే పోస్తున్నారు. గాలిబ్‌ను ముంచింది ఇంటి కిరాయి కాదు. ఆ ఇంట్లో ఉంటూ ఢిల్లీ పెద్దమనుషుల పక్కన కూర్చోవడానికి కట్టవలసి వచ్చిన హోదా కిరాయి. పెద్ద నగరం ఎప్పుడూ రెండు కిరాయిలు వసూలు చేస్తుంది. ఒకటి ఇంటి యజమానికి ఇచ్చేది, అది నెలకొకసారి. రెండోది నలుగురిలో తక్కువ కాకుండా కనబడడానికి ఇచ్చేది, అది రోజూ. మొదటిది తెలుస్తుంది. రెండోది అప్పు పుట్టేదాకా తెలియదు.

నాలుగు రూపాయల ఇల్లు

1857 వచ్చింది. తిరుగుబాటు అణగిన తర్వాత ఇంగ్లీషువారు ఢిల్లీని తిరిగి పట్టుకుని నగరంలోని జనాన్ని బయటికి తరిమారు. ముస్లింలు తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. గాలిబ్ ఉన్న గల్లీలో హకీముల ఇళ్ళకు పటియాలా మహారాజు సిపాయిలు కాపలా ఉన్నందువల్ల ఆయన ప్రాణం నిలిచింది. తమ్ముడు మిర్జా యూసుఫ్ ఆ అక్టోబరులోనే పోయారు. మయ్యిత్‌ను తీసుకుపోవడానికి నలుగురు మనుషులు దొరకని రోజులు. కిలా పోయింది, ఆ 50 రూపాయలూ పోయాయి. సర్కారు పింఛను కూడా ఆపేశారు. ఇంట్లోని బట్టలు, పరుపులు అమ్ముకుని తిన్నారు. అయినా నౌకర్లను వెళ్ళగొట్టలేదు.

1859 జూలై నుంచి రాంపూరు నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకు 100 రూపాయలు పంపించడం మొదలుపెట్టారు. 1860 మొదట్లో గాలిబ్ రాంపూరు పోయారు. అక్కడ నవాబు ఉండడానికి ఇళ్ళు ఇచ్చారు. రాంపూరులోనే ఉండిపోతే నెలకు 200, ఢిల్లీలో ఉంటే 100 అని ఏర్పాటు. ఒకవైపు కిరాయి లేని ఇల్లు, రెండు వందలు. మరోవైపు కూలిపోయిన నగరం, వంద రూపాయలు, కిరాయి ఇల్లు. ఆయన ఆ మార్చిలోనే ఢిల్లీకి తిరిగి వచ్చేశారు. ఆగ్రాలో పుట్టినవాడు, ఢిల్లీ కవుల చేత ఒకప్పుడు ఎగతాళి పడినవాడు, అప్పటికి పూర్తిగా ఢిల్లీవాడైపోయారు.

అదే సంవత్సరం మే నెలలో సర్కారు పింఛను తిరిగి వచ్చింది. మూడేళ్ళ బాకీ 2,250 రూపాయలు. దానిలో ఎక్కువ భాగం అప్పులవారే పట్టుకుపోయారు. కాని ఒక సంగతి గమనించాలి. ఏడేళ్ళు నెలనెలా నాలుగు రూపాయలు కట్టిన మనిషి, ఆదాయం లేని మూడేళ్ళు కట్టలేకపోయారు. పైకం చేతికి రాగానే ఆ మూడేళ్ళ కిరాయి, నూటికి పైచిలుకు రూపాయలు, ఒక్కసారిగా తీర్చేశారు. ఇంటివారు కూడా ఆ మూడేళ్ళూ ఆయనను గెంటివేయలేదు.

ఆ తర్వాతే యజమాని ఇల్లు అమ్మేశాడు. కొన్నవాడు వెంటనే ఖాళీ చేయమన్నాడు. అరవై దాటిన మనిషి, ఇంట్లో బేగం, పోయిన ఆరిఫ్ పిల్లలిద్దరు. ఈ ఆరిఫ్ బేగం సాహెబాకు సోదరి కొడుకు. తమకు పుట్టిన ఏడుగురు బిడ్డల్లో ఒక్కరూ దక్కక ఇతన్ని కొడుకులా చూసుకున్నారు, అతనూ 1852లో పోయాడు. అతని పిల్లల్ని వీరే పెంచుతున్నారు. ఇల్లు దొరికితే గదా లేచేది. కొత్త యజమాని ఆగలేదు. మనుషులు లోపల ఉండగానే మరమ్మతు పని మొదలుపెట్టాడు. మేడమీద రెండు గజాల వెడల్పు, పది గజాల పొడవు ఉన్న వసారాలో గాలిబ్ పడుకునేవారు. అందులోనే కొయ్యలతో పరంజా కట్టించాడు. జూలై నెల ఎండ. రాత్రి ఆ కొయ్యల క్రింద పడుకుంటే, అది ఉరికంబమని, తెల్లవారితే తనను ఉరితీస్తారని అనిపించేదట. ఉరికంబాలు నిజంగా చూసిన నగరం అది, ఆ పోలిక ఊరికే వచ్చినది కాదు. మూడు రాత్రులు అలా గడిచాయి. జూలై 9, సోమవారం మధ్యాహ్నం ఒక ఇల్లు దొరికింది. ప్రాణం లేచి వచ్చింది. కొత్త ఇల్లు స్వర్గంలా ఉన్నదని, అన్నిటికంటే గొప్ప సంగతి అదే బల్లీమారాన్ మొహల్లాలో దొరికిందని స్నేహితుడికి సంబరంగా తెలియజేశారు.

ఆ తర్వాతి ఇళ్ళ కష్టాలూ ఉన్నాయి. వానాకాలంలో కప్పు కారేది. బయట వాన వెలిసినా ఇంట్లో వాన వెలిసేది కాదని ఉత్తరాల్లో వాపోయేవారు. చివరి ఇల్లు గలీ ఖాసింజాన్‌లో ఒక మసీదు ప్రక్కన. అక్కడే 1869 ఫిబ్రవరి 15న కన్నుమూశారు. పోయేనాటికి అప్పులు తీరలేదు. తన అప్పులు తీర్పించమని చివరి రోజుల్లో రాంపూరుకు అర్జీలు వ్రాసుకున్నారు. నిజాముద్దీన్ ఔలియా దర్గా దగ్గర ఖననం చేశారు. బేగం సాహెబా మరుసటి సంవత్సరం పోయారు. ఇప్పుడు ఆ గల్లీలో గాలిబ్ హవేలీ అని బోర్డు పెట్టి, స్మారకంగా కాపాడుతున్నారు, దేశదేశాలవారు వచ్చి చూస్తున్నారు. బ్రతికి ఉండగా ఒక్క గోడ కూడా తనది కానివానికి పోయిన తర్వాత ఇల్లు దొరికింది.

మనం గ్రహించవలసినది

మిర్జాగారి కవిత్వాన్ని మెచ్చుకున్నవారు ఢిల్లీలో వేలమంది. ఇంట్లో చోటిచ్చినవారు కాలే సాహెబ్ ఒక్కరు. మూడేళ్ళు కిరాయి అడగకుండా ఊరుకున్న హకీము గారి ఇంటివారు మరొకరు. వీరు లేకపోతే ఆ ఉత్తరాలు, ఆ కవిత్వం మనదాకా ఎంత వచ్చేవో చెప్పలేము.

మన సంఘం ప్రతియేటా మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు శాలువాలు, బహుమతులు ఇస్తున్నది. మంచిదే. దానితోపాటు పెద్ద నగరానికి మొదటిసారి పోయే పిల్లవాడికి మొదటి మూడు నెలల నీడ చూపించే ఏర్పాటు ఉంటే ఎంతో బాగుంటుందని మా మనవి. అడ్వాన్సు కోసం వడ్డీ లేని చేబదులు, అంటే ఖర్జె హసనా, ఇవ్వవచ్చు. అక్కడ స్థిరపడిన మనవారు తమ ఇంట్లో ఒక గది చూపించవచ్చు. లేదంటే ఇంటి యజమానితో మాట్లాడి, ఈ పిల్లవాణ్ణి మేము ఎరుగుదుము అని ఒక మాట చెప్పవచ్చు. దీనికి పెద్ద పైకం అక్కర్లేదు.

పిల్లలకూ ఒక మాట. ఇంటి కిరాయి ఎగవేయకండి. ఎంత కష్టంలో ఉన్నా, చేతికి వచ్చిననాడు ముందు అది తీర్చండి. గాలిబ్‌లో ఆ గుణం ఉన్నది, అది నేర్చుకోండి. నలుగురిలో కనబడడానికి కట్టే రెండో కిరాయి విషయంలో మాత్రం ఆయన దారిన పోకండి. ఎవరో పేరు విని తలుపు వేసుకుంటే మనసు విరగ్గొట్టుకోకండి. ఇంకో గల్లీలో ఇంకో తలుపు ఉంటుంది. ఏ గల్లీలో పదిమంది మనల్ని పేరుపెట్టి పిలుస్తారో ఆ ఊరు మనది, పట్టా ఎవరి పేరున ఉంటేనేం.

అల్లాహ్ మనలో ఇల్లున్నవారికి పెద్ద మనసును, ఇల్లు వెతుక్కునేవారికి మంచి నీడను ప్రసాదించుగాక. ఆమీన్.